నీళ్ళు పోసిన చేతులు

కూర్చోండి, కూర్చోండి. ఆ బల్ల మీద వద్దు, అది కదులుద్ది, ఇటు చాప మీదకి రండి. టీ మరుగుతోంది, మా ఆయన పైకి తెస్తారు. ఇందాకటి నుంచీ చూస్తున్నాను, మీ ముగ్గురి కళ్ళూ ఆ పిట్టగోడ మీదే ఉన్నాయి. కింద అంత పెరడు పెట్టుకుని సుశీల చామంతులకి డాబా మీద ఈ నూనె డబ్బాల బతుకేంటి అనేగా? అడగండి, పర్వాలేదు. స్టాఫ్ రూములో ఎలాగూ సగం కథ తిరుగుతోంది, మిగతా సగం నా నోటే వినండి. చివరికి ఏమైందో ముందే చెప్పేస్తాను. పోయిన మే నెలలో, చర్చి నిండా జనం ఉండగా, పాస్టరుగారు నా చేతుల కోసం దేవుడికి వందనాలు చెప్పారు. ఆ చేతులు ఎక్కడ దాచుకోవాలో తెలీక నేను పమిట కింద పెట్టుకున్నాను.

నేను చర్చికెందుకెళ్ళానంటారా? అక్కడికే వస్తున్నా.

మా ఇంటి ఓనరు కరుణమ్మగారు మీకు తెలుసు కదా. ముందు వాటాలో ఉంటారు, ఆస్పత్రిలో ఆయాగా చేసి రిటైరయ్యారు. నేను పిన్నిగారూ అంటాను. వాళ్ళాయన దావీదుగారు ఆగిరిపల్లి వైపు నర్సరీల్లో మామిడి అంట్లు కట్టేవారు. ఆయన కట్టిన అంటు చావదని పేరు. ఊరందరి తోటలకీ కట్టిచ్చి, సొంతానికి మాత్రం ఒక్కటే కట్టుకున్నారు. అదిగో, కింద నూతికి అవతల కనపడుతోందే, ఆ చిన్నరసం. పెట్టిన రెండో ఏడు ఆయన పోయారు. పోయేముందు ఆవిడతో, "నాలుగేళ్ళూ పూత వస్తే తుంచెయ్యి, లేత చెట్టు కాపు మొయ్యలేదు. ఐదో ఏడు వదులు" అని చెప్పారట. ఆవిడ అలాగే జనవరిలో స్టూలెక్కి పూత తుంచడం నేను కళ్ళారా చూశాను. తుంచి పారెయ్యరు, కొంగులో వేసుకుని లోపలికి తీసుకెళ్తారు. అప్పుడు ఎవరూ పలకరించకూడదని నాకు అర్థమయ్యేది.

ఆ ఐదో ఏడు ఇప్పుడు కాదు, పోయినేడు. అదీ సంగతి.

పోయినేడు సరిగ్గా ఈ రోజుల్లోనే ఏలూరులో ఉన్న కూతురికి నెలలు నిండుతున్నాయని ఆవిడ బయల్దేరారు. సంచీ రిక్షాలో పెట్టించి, పెరటి తలుపు తాళంచెవి నా చేతికిచ్చి, "సుశీలా, పెరడంతా నీ ఇష్టం. ఆకుకూరలేసుకో, పూలేసుకో. ఈ ఏడు చెట్టుని పూతకి వదిలేస్తున్నా. మొదటి పండు మందిరంలో ఆయన పేరున పెట్టాలి" అన్నారు. అంతటితో ఊరుకున్నారా, రిక్షా ఎక్కబోతూ వెనక్కి తిరిగి, "ఆ మామిడి మొక్కకి నువ్వేం చెయ్యక్కర్లేదమ్మా. నీకెందుకు శ్రమ" అన్నారు.

ఇక్కడ మా ఊరి సంగతి కొంచెం చెప్పాలి. మాది మీ నూజివీడులా కాదు, గుడివాడ అవతల కాలవ గట్టు ఊరు. మా వైపు విస్తరి ముందు కూర్చున్నవాడు "చాలండీ" అంటే ఇంకో గరిటె పడాల్సిందే, పడకపోతే నొచ్చుకుంటాడు. వచ్చిన చుట్టం "ఇప్పుడే తాగొచ్చాం, ఏం వద్దు" అంటే స్టవ్ వెలిగించాలి. "నీకెందుకమ్మా శ్రమ" అంటే ఇక చెప్పేదేముంది, ఆ పని ప్రాణం పెట్టి చెయ్యమని. నేను పుట్టి పెరిగింది ఈ లెక్కలోనే. పాపం పెద్దావిడ, అద్దెకున్నదాన్ని నన్ను పని అడగలేక మొహమాటపడుతోంది, ఆవిడ నోరు తెరిచి అడిగేదాకా ఆగుతామా అనుకున్నాను.

మా ఆయనతో అదే అన్నాను. ఆయన పేపరు దించకుండా, "చెయ్యక్కర్లేదన్నారుగా, చెయ్యకు" అన్నారు. ఈయనకి మర్యాదలు తెలీవు అనుకున్నాను.

ఇక పెరడు నా చేతికొచ్చింది. మీకు చెప్తే నవ్వుతారు గానీ, పోయినేడు ఆశ్వయుజం, కార్తీకం నేను బతికినన్నాళ్ళూ మర్చిపోను. వానలు దసరాతో ఆగిపోయాయి. ఎండ ఉంది గానీ అందులో కాక లేదు. స్కూలు నుంచి వచ్చేసరికి గోడ నీడ పెరట్లో సగానికి వచ్చి ఉండేది. మట్టి ఇంకా మెత్తగా ఉంది, వేలు పెడితే దిగిపోయేది. తూనీగలు నడుం ఎత్తులో తిరిగేవి. ముద్దబంతి నారు తెచ్చి వేశాను, చామంతి వేశాను, కొత్తిమీర మడి చల్లాను. చిక్కుడు పందిరెక్కి ఊదారంగు పూత పూసింది. గోడవార డిసెంబరు పూల మొక్కలు మొగ్గలు పట్టాయి. నేను నూతి చప్టా మీద టీ గ్లాసుతో కూర్చుంటే చీకటి పడేదాకా లేవబుద్ధయ్యేది కాదు.

మనకి చలికాలం అంటే ఎంత, రెండు నెలలు. కానీ అది మొదలైతే పొద్దున్నే మంచు, సాయంత్రం ఐదున్నరకే తలుపులు. వానకీ మంచుకీ మధ్యన ఆ ఐదారు వారాలు ఉన్నాయి చూశారూ, అవి ఎవరి ఖాతాలోవీ కావనిపిస్తుంది నాకు. క్లాసులో శరదృతువు అని ఒక్క మాటలో చెప్పేసి పేజీ తిప్పేస్తాను. దానిలో కూర్చుని చూస్తే గానీ తెలీలేదు అదేంటో. ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. ఇంట్లో మేమిద్దరమే. క్లాసులో నలభై మందికి నేను చెప్పింది ఎక్కిందో లేదో పరీక్షలొస్తే గానీ తెలీదు. మొక్క అలా కాదు, సాయంత్రం నీళ్ళు పోస్తే పొద్దున్నే జవాబు చెప్పేస్తుంది. నేను చేసిన పనికి ఎవరో బదులు పలుకుతున్నారన్న ఆనందం నాకు ఆ పెరట్లో దొరికింది. అందుకే ఒళ్ళు తెలీలేదు.

అన్నీ పలుకుతున్నాయి, మామిడి మాత్రం పలకదు. ఆకులు మోటుగా, దుమ్ము కొట్టుకుని, అంచులు ముడుచుకుని, అలా దిగాలుగా నిలబడి ఉంది. దాని పక్కనే నా బంతిపూలు విరగబూస్తుంటే నాకే సిగ్గేసింది. ఆవిడ ఐదేళ్ళ ఆశ అది, నా ఎదురుగా ఎండిపోతోంది.

అదే వారం ఏదో పని మీద మేమిద్దరం ఆగిరిపల్లి మీదుగా బస్సులో వెళ్ళాం. రెండు వైపులా తోటలే కదా. దున్ని వదిలేశారు, నేలంతా నెర్రెలు. మోటారు షెడ్లున్నాయి, ఒక్కరూ చుక్క నీళ్ళు వదల్లేదు. "చూశారా ఎంత బద్ధకమో. ఇన్నేసి ఎకరాలు పెట్టుకుని చెట్లని మాడ్చి చంపుతున్నారు" అన్నాను నేను, బస్సంతా వినపడేలా. ముందు సీట్లో పంచెకట్టు పెద్దాయన ఒకరు వెనక్కి తిరిగి నన్ను చూశారు. చాలాసేపు చూశారు. మళ్ళీ ముందుకి తిరిగారు.

మర్నాడే గునపం తీశాను. కాలవ గట్టు పిల్లని కదా, బకెట్లతో పొయ్యడం నాకు నామోషీ. నూతి చప్టా దగ్గర్నుంచి బంతి మడిలోంచి, చామంతి మడిలోంచి చిన్న బోదె తవ్వుకుంటూ వెళ్ళి మామిడి మొదట్లో కలిపాను. చెట్టు చుట్టూ పాదు చేశాను. అంట్లు తోమినా, బట్టలుతికినా, మా ఆయన స్నానం చేసినా నీళ్ళు బుడబుడమంటూ వెళ్ళి చెట్టు కింద నిలిచేవి. అవి కాక సాయంత్రం నేను తోడి వదిలేవి ఉండనే ఉన్నాయి. ఆ బోదెలో నీళ్ళు పారుతుంటే నాకు పుట్టింట్లో ఉన్నట్టే ఉండేది.

ఒక్కటే లోటు. పాదు పూర్తిగా గుండ్రంగా రాలేదు. తూర్పు వైపు పాత గోడ కూలిన రాళ్ళ కుప్ప ఉంది, అది తీస్తే గానీ అటు తవ్వడానికి లేదు. ఆ రాళ్ళు నా వల్ల కాలేదు. మా ఆయనకి చెప్పాను. "ఆదివారం తీస్తాలే" అన్నారు. ఆదివారం వచ్చింది. ట్రాన్సిస్టర్ పక్కన పెట్టుకుని పడక్కుర్చీ వేసుకున్నారు. "రాళ్ళెక్కడికి పోతాయి, వచ్చే ఆదివారం తీస్తా" అన్నారు. నాలుగు ఆదివారాలు, వసంతా. నాలుగు ఆదివారాలు ఆ మనిషి రాళ్ళ వైపు చూసి ఆవలించారు. నేను సాధించని రోజు లేదు. "పెద్దావిడ ఆశ పెట్టుకుంది, మీకు మనసు లేదా" అని కూడా అన్నాను. "మనసుంది, నడుం లేదు" అన్నారు.

తర్వాత మాణిక్యం వచ్చాడు. పశువుల ఎరువు బండి తోల్తాడు, మామిడి తోటల్లో పనికెళ్తాడు. చామంతులకని ఒక బండి తెప్పించాను. బండి విప్పి, బోదె చూశాడు, పాదు చూశాడు, పాదులో నిలిచిన నీళ్ళు చూశాడు.

"ఏంటి టీచరమ్మగారూ, చెట్టుకి నీళ్ళు పెడతన్నారా? ఈ నెలల్లోనా?"

"ఏం, పెట్టకూడదా?"

"ఎండగట్టాలండి. ఎండితేనే పూసుద్ది."

నాకు నవ్వొచ్చింది. "మాణిక్యం, వేళ్ళు నీళ్ళెలా పీల్చుకుంటాయో, ఆకుల్లోకి ఎలా వెళ్తాయో నేను ఎనిమిదో క్లాసుకి రంగు సుద్దలతో బొమ్మేసి చెప్తాను. మాడిస్తే చెట్టు పూస్తుందా?"

వాడు తల గోక్కుని, "మీరు చదూకున్నోళ్ళండి" అన్నాడు. ఆ మాట అప్పుడు నాకు మెచ్చుకోలుగా వినిపించింది. సగం ఎరువు చామంతులకీ సగం మామిడికీ వేయించాను.

నవంబరు సగానికొచ్చేసరికి చూడాలి ఆ చెట్టు. కొమ్మకొమ్మకీ చిగురు. రాగి రంగు, లేత వంకాయ రంగు, ఎండ పడితే మెరిసిపోయేది. పొద్దున్నే లేచి దాని దగ్గరికెళ్ళి నిలబడేదాన్ని. ఒక పక్క బంతి, ఒక పక్క చామంతి, మధ్యలో ఆ చిగురు. చేతులు కట్టుకుని చూస్తూ, నేను చేశాను ఇదంతా అనుకునేదాన్ని. అనుకుని ఊరుకున్నా బాగుండేది. ఇన్‌లాండ్ కవరు కొని ఏలూరికి ఉత్తరం రాశాను. "పూజ్యులైన పిన్నిగారికి నమస్కారాలు. పసివాడు, బాలింతరాలు కులాసా అని తలుస్తాను. మీ మామిడి చెట్టు దిగులు పడి ఉంటే రోజూ నీళ్ళు పెట్టి, ఎరువేసి లేవదీశాను. ఇప్పుడు ఒళ్ళంతా కొత్త చిగురుతో కళకళలాడుతోంది. మీరు చూస్తే ఆనందపడతారు" అని. ఆ "లేవదీశాను" దగ్గర కాస్త ఒత్తి కూడా రాశాను.

నాలుగో రోజు పొద్దున్న గుమ్మంలో రిక్షా ఆగింది. కరుణమ్మగారు. తెల్లవారుజామున మొదటి బస్సుకి హనుమాన్ జంక్షన్ వచ్చి, అక్కడ మారి, మూడు వారాల బాలింతని వియ్యపురాలికి అప్పగించి వచ్చేశారు. నేను ఎదురెళ్ళి సంచీ అందుకున్నాను. ఉత్తరం చూసి ఆనందం పట్టలేక వచ్చారనుకున్నాను, చూడండి నా తెలివి.

ఆవిడ చెప్పులు కూడా విప్పకుండా పెరట్లోకి నడిచారు. చెట్టు ముందు నిలబడ్డారు. నేను పక్కన నిలబడి మెచ్చుకోలు కోసం చూస్తున్నాను.

"నీళ్ళు పోశావామ్మా?"

"రోజూ, పిన్నిగారూ. ఒక్క రోజు కూడా మానలేదు."

"నేనేం చెయ్యక్కర్లేదన్నాను కదా."

"మీరు మొహమాటానికి అన్నారనుకున్నానండీ."

ఆవిడ నన్ను చాలాసేపు చూశారు. బస్సులో ఆ పెద్దాయన చూసిన చూపే. "నాకు మొహమాటమెందుకు సుశీలా? చెట్టు నాదే కదా" అన్నారు.

అని నూతి చప్టా మీద కూర్చున్నారు, నేను రోజూ టీ తాగే చోట. మెల్లగా చెప్పారు. "కొమ్మ చివర రెండూ రావమ్మా. చిగురో, పూతో, ఒకటే వస్తుంది. తిండి బాగుంటే చెట్టు ఆకేసుకుని కూర్చుంటుంది. వానలు వెళ్ళాక నోరు కట్టేసి ఎండగడితేనే దానికి పూత పూయాలని పుడుతుంది. ఇక్కడ పసిపిల్లలకి కూడా తెలుసు. ఇప్పుడు చిగురేసిన కొమ్మ ఈ ఏడు ఇక పూయదు." చెట్టు మొదలు వైపు చూస్తూ, "ఆయన ఐదో ఏడన్నారు. ఆరో ఏడైతే ఏం, అదీ ఏడే" అన్నారు.

తిట్టలేదు. తిట్టుంటే ఎంత బాగుండేదో. నేనూ ఒక మాట అనేసి, ఏడ్చేసి, తేలిక పడేదాన్ని. ఆవిడ లేచి లోపలికెళ్ళి, ప్రయాణంలో అలిసిన మనిషి, స్టవ్ వెలిగించి నాకూ కలిపి టీ పెట్టారు. ముగ్గురు పనివాళ్ళ చేత చెయ్యించినా అంత నష్టం జరగదు, నేను ఒక్కదాన్నే ప్రేమగా చేశాను.

మనిషి అన్నాక అక్కడితో ఆగాలి కదా. నేను ఆగుతానా? ఇప్పుడు ఎండగట్టడం మొదలుపెట్టాను. బోదె పూడ్చాను. పాదులో తడి మట్టి తట్టలకెత్తి గోడవతల పోశాను. పెరట్లో చుక్క నీరు పడకూడదన్నాను. అంట్లు వీధి గుమ్మంలో తోమాను. మా ఆయన్ని వీధి కొళాయి దగ్గరికి స్నానానికి పంపాను, తువ్వాలు చుట్టుకుని ఆయన వెళ్తుంటే ఎదురింటివాళ్ళు తలుపులేసుకున్నారు. మడులకి నీళ్ళు ఆపేశాను. కొత్తిమీర రెండు రోజుల్లో పడుకుంది. చామంతులు మొగ్గ మీదే వేలాడాయి. మూడో రోజు సాయంత్రం చూస్తే కరుణమ్మగారే చెంబుతో వాటికి నీళ్ళు పోస్తున్నారు. "పూలేం చేశాయమ్మా" అన్నారు. అంతే. నేను లోపలికెళ్ళి తలుపేసుకుని బాగా ఏడ్చాను.

డిసెంబరు మొదట్లో ముసురు పట్టింది గుర్తుందా, రెండు రోజులు స్కూలు కూడా లేదు. ఆ ముసురులో మేమిద్దరం ఏం చేశామో చెప్తే మీరు నాతో మాట్లాడరు. మాణిక్యం దగ్గర బండి మీద కప్పే బరకం అడిగి తెచ్చి, ఒక చివర నేనూ ఒక చివర మా ఆయనా పట్టుకుని, చెట్టు మొదలు తడవకుండా నిలబడ్డాం. మేము తడిసి ముద్దయ్యాం. ఆ మనిషి రాళ్ళు తియ్యడానికి నడుం లేదన్నారు గానీ అప్పుడు మాత్రం మాట్లాడకుండా గంటసేపు నిలబడ్డారు, అది ఒప్పుకోవాలి. మాణిక్యం బరకం కోసం వచ్చి గోడ మీంచి చూశాడు.

"టీచరమ్మగారూ, నీళ్ళు పొయ్యటమూ మీరే, గొడుగు పట్టటమూ మీరేనా?"

మా ఆయన నవ్వితే ఆయన చివర జారి నీళ్ళన్నీ పాదులోనే పడ్డాయి.

జనవరి వచ్చింది. మీకు తెలీంది కాదు, ఆ నెలలో నూజివీడంతా పూత వాసనే. క్లాసులో కిటికీలోంచి కూడా వచ్చేది. పిల్లలకి పువ్వు భాగాలు చెప్తూ మధ్యలో ఆగిపోయేదాన్ని. ఊళ్ళో ప్రతి చెట్టూ పూసింది, మాది మాత్రం పచ్చగా, నున్నగా, బాగా తిన్న మనిషిలా నిలబడి ఉంది. కరుణమ్మగారు రోజూ స్టూలు తెచ్చి దాని పక్కన వేసుకుని కూర్చునేవారు. తుంచడానికి కూడా ఏమీ లేని ఏడు అది.

నెలాఖర్లో ఒక రోజు పొద్దున్నే ఆవిడ నన్ను కేకేశారు. "సుశీలా, ఇట్రా. మీ ఆయన్ని కూడా తీసుకురా."

తూర్పు వైపు, రాళ్ళ కుప్ప మీదకి వంగిన కొమ్మ ఒకటుంది. కిందగా ఉంటుంది, ఇటు నుంచి కనపడదు. దాని చివర పూత. నాలుగంటే నాలుగు గుత్తులు. ఆవిడ వేలితో తాకకుండా చూపించారు. "ఈ వైపు పాదు లేదు. నీళ్ళు వెళ్ళలేదు. రాళ్ళ కింద నేల ఎండిపోయే ఉంది. అదీ కారణం అయ్యుంటుంది" అన్నారు. "ఈ రాళ్ళు తియ్యలేదేం మీరు?"

మా ఆయన గొంతు సర్దుకుని, "తొందరెందుకని ఉంచానండీ" అన్నారు. అసలు నాకు వచ్చిన కోపం మీకు చెప్పలేను. నాలుగు ఆదివారాలు నేను తిట్టిన తిట్లన్నీ ఆయన తల మీద పూలై పడ్డాయి. అయినా ఆ కోపం ఎంతసేపో ఉండలేదు, ఆ నాలుగు గుత్తుల్ని చూస్తే నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి.

ఆ నాలుగు గుత్తుల్లో మంచుకి ఒకటి మాడింది. పిందెలు పడ్డాయి, రాలాయి, ఇంకా రాలాయి. రెండు నిలిచాయి. ఏప్రిల్ గాలికి ఒకటి రాలింది. ఇక ఒక్కటే. ఆ ఒక్క కాయనీ మేము ముగ్గురం చూసిన చూపులకి అది పండకపోతే ఏం చేస్తుంది. నేను మాత్రం రెండు గజాల దూరంలోంచే చూశాను, చేతులు వెనక్కి కట్టుకుని. మే నెలలో ఆవిడ కోసి, గడ్డిలో పెట్టి మగ్గబెట్టి, ఆదివారం నన్నూ మా ఆయన్నీ కూడా చర్చికి రమ్మన్నారు. రానంటే బాగుండదని వెళ్ళాం.

వెనక వరసలో కూర్చున్నాం. ముందు బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, ఇత్తడి పళ్ళెంలో ఆ పండు ఒక్కటే పెట్టారు. పక్కన ఎవరివో బుట్టల నిండా పళ్ళున్నాయి. మాది చిన్నది, తొడిమ దగ్గర మచ్చ కూడా ఉంది. పాస్టరుగారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేశారు. "తండ్రీ, ఈ అంటు కట్టిన చేతుల కోసం వందనాలు. దీన్ని కాపాడిన చేతుల కోసం వందనాలు." ఆయన గొంతు పెంచారు. "దీనికి దినదినమూ నీళ్ళు పోసిన చేతుల కోసం వందనాలు."

పాపం ఆయనకేం తెలుసు. ప్రతి పండు దగ్గరా చెప్పే ప్రార్థనే అయ్యుంటుంది. నేను పమిట కింద చేతులు దాచుకున్నాను. పక్కన మా ఆయన భుజాలు కదులుతున్నాయి, మోచేత్తో పొడిచాను. అప్పుడు ముందు వరసలో కరుణమ్మగారి వీపు చూశాను. తలమీద ముసుగు, వంగిన భుజాలు, అవి కూడా కదులుతున్నాయి. దావీదుగారు గుర్తొచ్చి ఏడుస్తున్నారనుకున్నాను. ఆవిడ పక్కకి తిరిగి వెనక్కి చూశారు, నా కోసమే వెతుకుతున్నారు. కళ్ళ నిండా నీళ్ళున్న మాట నిజమే. కానీ కొంగు నోట్లో కుక్కుకుని ఆవిడ నవ్వుతున్నారు. నవంబరు నుంచి ఆవిడ అలా నవ్వగా చూళ్ళేదు నేను.

ఆ పండుని వాళ్ళ పద్ధతి ప్రకారం మిగతా పళ్ళతో కలిపి ఆస్పత్రిలో రోగులకి పంపించేశారు. ఇంటికొస్తూ నేను, "మీరు రుచైనా చూళ్ళేదు పిన్నిగారూ" అన్నాను. "ఆయనా చూళ్ళేదుగా. వచ్చే ఏడు చూద్దాం" అన్నారు.

ఆ వచ్చే ఏడే ఇది. వానలు వెళ్ళాయి, మళ్ళీ అదే ఎండ, అవే తూనీగలు. మనవడి మొదటి పుట్టినరోజుకి నిన్ననే ఆవిడ ఏలూరు బయల్దేరారు, నెల దాకా రారు. పెరటి తాళంచెవి ఎవరికిచ్చారో తెలుసా? మా ఆయనకి. "బాబూ, పెరడు మీకప్పగిస్తున్నా. మీరేం చెయ్యకండి" అన్నారు. ఈయన చెయ్యి గుండె మీద పెట్టుకుని, "తప్పకుండా అండీ" అన్నారు. నాకు మాత్రం ఇదిగో ఈ చెంబిచ్చారు. పూలంటే నీకిష్టం కదా, డాబా మీద పెంచుకో, ఇంతకంటే పెద్ద గిన్నె మాత్రం మెట్లెక్కించకు అన్నారు. అందుకని ఈ డబ్బాలు. తొమ్మిది డబ్బాలు, ఒక చెంబు. సాయంత్రం పావుగంటలో పని అయిపోతుంది. తర్వాత ఇక్కడే కూర్చుంటాను, చేతులు ఒళ్ళో పెట్టుకుని.

చూడండి కిందకి. ఆకులు ముడుచుకున్నాయి, దుమ్ము కొట్టుకుంది, దిగాలుగా ఉంది కదూ. నాకు నిద్రపట్టదు దాన్ని చూస్తే. అయినా అదేమీ అడగటం లేదు, నేనే విన్నాను అడిగినట్టు. ఇన్నేళ్ళు నేను చేసిన మేళ్ళలో అడిగినవెన్నో, నేను విన్నవెన్నో అని ఈ మధ్య కూర్చుని ఆలోచిస్తుంటాను. మా చెల్లెలికి అడక్కుండానే సలహాలిస్తూ రాసిన ఉత్తరాలు కూడా కొన్ని గుర్తొస్తున్నాయి. అవి ఇంకోసారి.

అదిగో, టీ వచ్చింది. ఏవండీ, అక్కడ పెట్టేసి మీరెళ్ళి కూర్చోండి, ఏం చెయ్యకండి, మీరు కూర్చుంటేనే మాకు కాపు. వసంతా, గ్లాసు తీసుకో. ఇంకొంచెం పొయ్యనా? చాలా? నిజంగా చాలా, మొహమాటానికా? అలా నవ్వకు, సరిగ్గా చెప్పు. నువ్వు చెప్పేదాకా నేను ఈ గిన్నె వంచను.